పైకప్పు తట్టుడు

గులాబీలు మా బిడ్డ నీకే తెచ్చింది తమ్మీ, నాకు గాదు. నేను దిగి పదిరోజులాయె, ఎయిర్‌పోర్టుల ఒక్క పువ్వియ్యలే. నువ్వు సచ్చి నూరేండ్లు దాటింది, నీ సమాధికి మాత్రం పూలు, పూలకు నీళ్ళు. ఈడ్నే ఉండు బాపూ, క్యాన్ల నీళ్ళు తెస్త అని నల్లా కాడికి ఉరికింది.

నేనెవరనా? నీ ఉత్తరాలు సదివే కావ్యశ్రీ లేదా, దాని బాపును. వీరాంజనేయులు. గోదావరిఖనిల ముప్పై రెండేండ్లు బాయి దిగిన. బొగ్గుగనిని మేం బాయే అంటం.

బిడ్డ కంప్యూటర్ సదువుకు డ్యూసెల్‌డార్ఫ్ వచ్చింది. శనివారాలు మ్యూజియంల నీ ఉత్తరాలు కంప్యూటర్ల ఎక్కిచ్చే పని. అప్పటిసంది ఫోన్ల నీ పేరే. యానెక్ బొగ్గు తవ్వెతందుకు పోలండ్ నుంచి వచ్చిండు బాపూ. యానెక్‌ను మొదటి ప్రపంచ లడాయికి పట్కపోయి, శత్రువుల కందకాల కిందికి సొరంగం తవ్విచ్చిన్రు బాపూ. యానెక్ చీకట్ల ఊపిరి బిగవట్టి అవతలోళ్ళ పలుగు సప్పుడు ఇనేటోడు బాపూ. మొన్న అన్నం ముందట పెట్టుకొని ఏడ్సింది గూడ. నేను పక్కనే కూసున్న. నా ఎడమచేతి రెండు వేళ్ళు ఎట్ల పోయినయో ఒక్కనాడడగలే. కడుపు మండింది, దాచుడెందుకు?

వచ్చే ఆదివారం మ్యూజియంల నీ గురించి మాట్లాడుతదంట. సొరంగం లోపలికి పోంగనే కట్టెతోటి పైకప్పు తట్టేటోన్ని అని రాసినవట గదా. అది దేవునికి మొక్కు అంటది మా బిడ్డ. మొక్కా? గట్టిగ పలికితే పనిల దిగుడు, డొల్లగ పలికితే కప్పు కూలుతదని బయటికి ఉరుకుడు. నీకెరుక, నాకెరుక.

నేను చెప్పలే. నలుగురి ముందట తప్పు మాట్లాడనీ, యానెక్ యానెక్ అన్నందుకు మంచిగైతది అనుకున్న. సొంత బిడ్డ మీద గింత కుళ్ళు.

అసలు ముచ్చట ఇను. అది ఐదో తరగతిల ఉన్నప్పుడు, మా నాన్న చేసే పని అని బడిల రాయమన్నరు. బాపూ, బాయిల ఎట్లుంటది అని నోట్‌బుక్కు పట్కొని నా ముందట కూసుంది. నాకు సిగ్గనిపిచ్చింది తమ్మీ. ఆ ముచ్చట ఇంట్ల తియ్యకు అని గదిమిన. బ్యాంకుల పనిజేసే మా బామ్మర్ది భాస్కర్ రావు పనే నా పని అన్నట్టు రాయిచ్చిన. మంచి మార్కులే వచ్చినయి.

అదిగో, క్యాన్ మోసుకుంట వస్తుంది. ఆ తట్టుడేందో అడిగితే ఇప్పుడే చెప్త. అడగదు తియ్యి. అడగొద్దని నేర్పింది నేనే.