పదిహేడో రోజు ఆగిన ఇప్పచెట్లు

హలో… ఆ, నేనే, జకర్యానే. భద్రాచలం అడివి నుంచే. చెప్పు రాజేషూ, ఖమ్మం ఆఫీసు ఎట్లున్నది?

…ఏందీ? అన్ని ఇప్పచెట్లూ పదిహేడో రోజుకే పూలు రాల్చుడు ఆపినయా? నలభై చెట్లూ కూడబలుక్కొని సమ్మె చేసినయా?

…నవ్వక ఏం చెయ్యాలె! రోజూ ఈడి గూడెం జంపక్క పూలేరితే నేను తూకమేసి, ఎండ, తేమ రాసి పంపిస్తి. నలభై రోజులు. నువ్వేమో వెబ్‌సైట్ల ఎక్కించి కాయితాలు చింపేస్తివి. మన ఆఫీసు పుష్పలత మేడం అందరి ముందట "రాజేష్ పని" అన్నది. పని నీది, పాదాల బొబ్బలు నావి!

…ఆగు. నేను అడివికి పోవుడు బంద్ చేసిన్నని అంటున్నదా? పుష్పలత మేడమా?

…అరె, నేను పోయిన! నా లెక్కల్ని నీ డబ్బానే మింగింది.

…అవ్, డబ్బానే. నాకూ ఫీల్డే, నీకూ ఫీల్డే. నా ఫీల్డు అడివి, నీ ఫీల్డు అగ్గిపెట్టె! ఆ జాంగో సాఫ్ట్‌వేర్ల ఒక్కో చెట్టు లెక్కంతా ఒక్క గడిల కుక్కినవు. అందుల రెండొందల యాభై అయిదు అక్షరాలే పడ్తయి. పదిహేడో రోజు దాటినంక మిగిలింది చప్పుడు లేకుండ కోసేసింది.

…నాకెట్ల తెలుసంటే… మూడు వారాల కింద నెట్ సెంటర్ల మన సైటు చూసిన. అక్కడి పిల్లే గడి సంగతి చెప్పింది.

…అప్పుడే నీకెందుకు చెప్తా? ఆ సైట్ల నా పేరు ఎక్కడన్న ఉన్నదా? ఫీల్డుల తిరిగెటోణ్ని, ఫీలైన!

…ఏందీ? పెట్టినవా?

…ప్రతి చెట్టు లైనుకా? "తూచింది జకర్యా" అనా?

…చివర్ననా…

…అంటే నలభయ్యో రోజు తర్వాత. అంటే నా పేరును సుత ఆ గడే కోసేసింది…



…నోటుబుక్కులా? ఉన్నయ్ రా, అసలువి నా పెట్టెలనే ఉన్నయ్. రేపటి మీటింగుకు అందుతయి. మేడం పక్కనే ఉన్నదా? ఇయ్యి ఫోను… ఇయ్యవయ్యా.

నమస్తే మేడం… చెట్లది తప్పు లేదు. సగం రాజేషుది, గడి చిన్నగ పెట్టిండు. మిగిలిన సగం… మూడు వారాల సంది నా నోట్లె దాచిన.

…అవ్ మేడం. కుళ్లే. పేరు లేదని.

…ఇప్పుడే బస్సెక్కుతున్న. ఒక్క మనవి మేడం… ఈసారి గడి పెద్దది చేసినా సరే, నా పేరు మాత్రం లైనుకు మొదట్ల రాయమనుండ్రి… ఉంటా.