ఉద్దానం నీళ్లు

ఉద్దానంలో ఒక ఊరు, 2016 మే నెల. జీడితోటలో పని ముగించుకొచ్చిన ఆదాము, అప్పుడే బస్సు దిగిన కూతురు షీబా.

“ఏటే, సెప్పాపెట్టకుండా వొచ్చీసినావు? ఫెలోషిప్పు జూన్ ఆకరు దాకా అన్నావు కదా?”

“సెలవిచ్చేరు, నాన్నా.”

“సెలవా? ఎండాకాలమంతా నీల్లు పరీక్ష సెయ్యడానికెల్లినోల్లకి మద్దిలో సెలవేటి? ఆ పని సేయించే మేడం గానీ ఏటైనా అన్నాదా?”

“మేడం మంచిది. నువ్వు తిన్నావా?”

“తింటాన్లే. సెరువులు, ఉప్పుటేర్లు, బోర్లు... అన్నీ తిరిగి సీసాల్లో నీల్లు పడతన్నావంట. మనూరి పిల్లంటూ పాస్టరుగారు ప్రార్థనలో నీ పేరెత్తేరు. నాకు కల్లమ్మట నీల్లాగలేదు.”

“అందరికీ ఎందుకు సెప్పేవు?”

“సెప్పనా మరి? కిడ్నీలు పాడై మీయమ్మ పోయినాక, ఈ నీల్లలో ఏటున్నాదో నేనే సూస్తానని పట్టుబట్టేవు. సూసేవా? ఏటున్నాది?”

“ఇంకా తేల్లేదు.”

“తేలకుండా వొచ్చీసినావా? తప్పు కదమ్మా. జ్ఞానసుందరే ఉండుంటే...”

“అమ్మ మాటెత్తకు, నాన్నా.”

“ఎత్తను. ఎత్తన్లే. ఏడుస్తన్నావేటి? ఒసే, ఇటు సూడు. ఎవులైనా ఏటైనా అన్నారా?”

“లేదు. మొన్న పక్కూరొచ్చేం కదా, మాతోపాటు డాక్టర్లు కూడా వొచ్చేరు. నీల్లొక్కటే కాదు, జనం రక్తం కూడా సూస్తన్నారు. జబ్బున్నోల్లతో పోల్సడానికి, ఏ జబ్బూ లేనోల్ల రక్తం కావాలన్నారు.”

“ఊఁ.”

“సూదంటే బయం, ఎవులూ ముందుకి రాలేదు. నేనే సెయ్యి సాపేను. నన్ను సూసి తాయారత్త, ఆవిడెనకాల మిగతావోల్లు...”

“మంచి పని సేసినావు. అచ్చం మీయమ్మే. మరి... ఆల్లల్లో ఎవులికైనా బయటపడ్డాదా? తాయారుకా? సెప్పవే! దాని పిల్లలింకా సిన్నోల్లు...”

“తాయారత్త బాగున్నాది.”

“హమ్మయ్య. దేవుడున్నాడు. అయితే ఇంకేటి? పొద్దున్నే నిన్ను బస్సెక్కించేస్తాను. పని సగంలో వొదిలీకు.”

“ఎల్లలేను, నాన్నా.”

“ఎందుకెల్లలేవు?”

“రెండోసారి కూడా తీసి సూసేరు. నా రక్తం జబ్బున్నోల్ల వైపు పెట్టీసేరు.”