ముసుగు గంటలు

పోర్ట్ అగస్టా లారీ డిపోలో పొద్దున్నే మార్లీన్ తాళంచెవి తెచ్చి మేనేజరు డారెన్ బల్ల మీద పెట్టింది. ఇరవై ఏళ్లుగా మూడు ట్రైలర్ల బండిని ఎడారి దాటిస్తున్న మనిషి ఆమె.

"ఇదేంటి మార్లీన్? నీ రిపోర్టు బంగారంలా ఉందిగా! నిద్రలో ఊపిరి ఆగిపోతోందని ఇచ్చిన ఆ మెషీను, రాత్రికి ఏడు గంటలు వాడావని చూపిస్తోంది."

"ఆ మెషీను ముసుగు మూతికి ఏడు గంటలు వేసుకున్నాను. నిద్రపోయానని ఎవడు చెప్పాడు?"

"ఊపిరి ఆగట్లేదుగా?"

"ఆగట్లేదు. కళ్లూ మూతపడట్లేదు. ఇన్నేళ్లూ ఊపిరాడక ఉలిక్కిపడి లేచీ లేచీ, ఇప్పుడు మంచం చూస్తేనే గుండె దడ. ఇంట్లో ఇద్దరు దొంగలు పడ్డారు డారెన్. ఒకణ్ణే పట్టుకున్నారు."

"ఓ నిద్రమాత్ర వేసుకోరాదూ?"

"మొదట అదే ఇచ్చారు. మాత్ర ఇచ్చినవాడు ఊపిరి సంగతి అడగలేదు. మెషీను ఇచ్చినవాడు నిద్ర సంగతి అడగలేదు."

"నువ్వు బండి నడపొచ్చని నేను సంతకం పెట్టాల్సిన ఈ ఫారంలోనూ మెషీను గంటలే అడిగారు. సరుకు సాయంత్రానికి కూబర్ పీడీ ఊరు చేరాలి. నోరు మూసుకుని వెళ్లొచ్చెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"పిల్లల్ని కార్లో వేసుకుని ఎదురొచ్చేవాళ్లకి తెలుస్తుంది."

డారెన్ చేతిలోని పెన్ను లాక్కుని, ఫారం అడుగున ఉన్న ఖాళీలో ఆమె పెద్ద అక్షరాలతో రాసింది: ముసుగు ఏడు గంటలు. నిద్ర రెండు గంటలు. కాగితాన్నీ పెన్నునూ అతని ముందుకు తోసింది.

"నేను బండి నడపడానికి పనికొస్తానని ఇప్పుడు పెట్టు సంతకం. దమ్ముంటే."