తిపోకో అవ్వ సజ్జచేనికి నిచ్చెన

ఆ ఏడు ఎండ ఎలా కాసిందంటే, మా ఊళ్లో గిన్నెకోళ్లు ఉడికిన గుడ్లే పెట్టాయి. ఉప్పు ఒక్కటే తక్కువ. అలాంటి ఎండపూట, కల్లు కాచే లాముసా పెరట్లో పారల వాళ్లంతా చేరే గడ్డిపందిరి కిందికి వచ్చి కూర్చుంది తిపోకో అవ్వ. చేతిలో సొరబుర్ర చిప్ప, చిప్ప నిండా జొన్నకల్లు, నోటి నిండా మాటలు. కడుపులో మాత్రం ఒకటే బెంగ.

బెంగంతా పారల గురించి. వానలకి ముందు ఊరంతా కలిసి రోజుకొకరి చేలో గుంతలు తవ్విపెట్టడం మా ఆనవాయితీ. జానెడు లోతు గుంత, అందులో దోసెడు పెంట, మొదటి వాన పడగానే నాలుగు సజ్జ గింజలు. గుంతలు లేని గట్టినేల మీద పడ్డ వాన బోడిగుండు మీద పడ్డట్టే, ఒక్క చుక్క నిలవదు. అందరి చేలూ అయిపోయాయి. మిగిలినవి రెండే, అవ్వదీ, లాముసాదీ. మిగిలింది మాత్రం ఒక్క రోజు. ఎల్లుండి నుంచి ఎగువ ఊరికి వస్తామని పారల పెద్ద నోబిలా మాటిచ్చేశాడు. రేపటి రోజు ఎవరిదో ఆ సాయంత్రం తేల్చాలి.

అవ్వ పాత గుంతలు మూడేళ్లలో పూడిపోయాయి. మళ్లీ తవ్వుదామంటే మోకాళ్లు లేవనంటున్నాయి. అలాగని నోరు తెరిచి అడగడం ఆవిడ వంశంలోనే లేదు. కోతలు కోస్తే ఊరు నవ్వుతుంది, నవ్విన ఊరు పార ఎత్తుతుంది. ఇదీ ఆవిడ లెక్క.

“పెద్దగా చెప్పుకోవలసిందేం లేదు గానీ,” అని మొదలుపెట్టింది. ఆవిడ సంగతి తెలిసినవాళ్లు గబగబా చిప్పలు నింపుకున్నారు.

“మూడేళ్ల కిందట, గుట్ట వెనక నా బోడినేల లేదూ, మేకలు కూడా మొహం తిప్పుకుని పోయే నేల, అందులో నా చేత్తో నేనే గుంతలు తవ్వాను. ఓ మూల మాత్రమే. దోసెడేసి పెంట వేశాను. మేకపెంట, బూడిద, ఎండాకు కలిపి మాగబెట్టిన పెంట. ఆ వాసనకి చెదలు వచ్చాయి.”

“చెదలు అందరి గుంతల్లోకీ వస్తాయి కదవ్వా,” అన్నాడు నోబిలా. “అవి నేలని గుల్ల చేస్తేనే కదా నీళ్లు దిగేది.”

“మీ గుంతల్లోకి వచ్చేవి చెదలు నాయనా. నా గుంతల్లోకి వచ్చినవి చెదల అత్తగార్లు! పెంట రుచి మరిగి కింద ఉన్న రాయిని కొరికాయి, ఆ రాయి కింద ఉన్న రాయిని కొరికాయి, నా పార కర్ర తిన్నాయి, పార ఇనుము నాకి చూసి పెదవి విరిచాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను తాగగా మిగిలిన గుక్కెడు నీళ్లు గుంతలో పోశాను. గడగడా దిగిపోయాయి. తెల్లారేసరికి పక్కూరి ఆడవాళ్ల కబురు, ‘అవ్వా, మా బావి పొంగుతోంది, ఇక పొయ్యకు తల్లీ’ అని.”

“పక్కూళ్లో బావే లేదు కదా మరదలా,” అన్నాడు జెర్బో, మూల నుంచి.

జెర్బో సామో తెగవాడు. అవ్వ మోసీల ఆడపడుచు. ఈ రెండు తెగలకీ తాతల నాటి మేలం వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి, ఎంత తిట్టినా కోపం తెచ్చుకోకూడదు, ఒకరు ఔనంటే ఇంకొకరు కాదనాలి. సామోలు కుక్క తలకాయ తింటారని మోసీల వెక్కిరింత. ఇక ఎదుటివాడే మా పాలేరని ఇద్దరూ అంటారు, ఎవరికి ఎవరు పాలేరో ఇన్ని తరాలుగా తేలలేదు.

“పొంగి కూలిపోయింది కాబట్టే లేదు. కుక్క తలకాయ తినేవాడివి, బావుల సంగతి నీకేం తెలుసురా పాలేరూ!” అంది అవ్వ. పందిరి గొల్లుమంది. నోబిలా కూడా నవ్వాడు. ఓ పది పారలు వచ్చినట్టే అనుకుంది అవ్వ.

“ఆ ఏడు ఒక్కటే వాన. గుర్తుందా?”

“ఎందుకు లేదూ,” అన్నారు నలుగురు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“మీ చేలల్లో పడ్డది పల్లానికి పోయింది. నా గుంతలు నోళ్లు తెరుచుకుని పడ్డదంతా తాగాయి. చాల్లేదు. పైకి చూసి పీల్చడం మొదలెట్టాయి. మబ్బు కిందికి దిగి, దిగి, నా చెవి దాకా వచ్చి, ‘వదలమనమ్మా, పిల్లలున్నదాన్ని’ అంది. నేనే జాలిపడి గుంతల మీద గంపలు బోర్లించాను. మర్నాడు పొద్దున్న గంప ఎత్తి చూద్దును కదా...”

“మొలకలు!” అంది లాముసా, కల్లు పోయడం ఆపి.

“మొలకలా! నా పెట్ట ఒకటి గుంతలో గింజ పొడవబోయింది. మొలక దాన్ని ఎత్తుకుని లేచింది. పొద్దెక్కేసరికి పెట్ట మా గాదె కప్పు దాటింది, మధ్యాహ్నానికి గుట్ట దాటింది. పైన బెంగపడి గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు కిందికి వస్తూ వస్తూ సగం దారిలో పిల్లయింది, నేలకి తగిలేసరికి గుడ్డు పెట్టడానికి చోటు వెతుక్కుంటోంది!”

నోబిలా కళ్లు తుడుచుకున్నాడు. ఇంకో పది పారలు.

“మరి కంకి కోయడం ఎలాగవ్వా?”

“ఎక్కాను. ఈ మోకాళ్లతోనే. మూడు పూటల సంకటి మూటగట్టుకుని ఎక్కాను. పైన చలి. కంబళి తెచ్చుకోనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక్క గింజ గొడ్డలితో నరికి తెస్తే, సగం చెక్క మా తమ్ముడి పెళ్లికి సంకటయింది, రెండో చెక్క మీద పెళ్లికొడుకు కూర్చున్నాడు. సరే, అది కాదు అసలు సంగతి. పైన ఎవరు కనబడ్డారో తెలుసా? వానదేవుడు! దిగాలుగా కూర్చుని ఉన్నాడు. ‘ఏం నాయనా’ అన్నాను. ‘ఏం చెప్పను తిపోకో, పైన మా నేల కూడా గట్టిపడిపోయింది, అందుకే మబ్బులు మొలవడం లేదు, నీ పెంట ఓ దోసెడు పెడతావా’ అన్నాడు. పెట్టాను. మనసు ఒప్పుతుందా పెట్టకుండా? ఇదిగో, ఈ మూడేళ్లుగా మీ చేలల్లో పడుతున్న ఆ కాసిని చినుకులూ నా మేకల పుణ్యమే!”

పందిరి గుంజలు ఊగేలా నవ్వారు. లాముసా నవ్వి నవ్వి కల్లుకుండ పక్కన కూలబడింది. ఇక నోబిలా నోట మాట రావడమే తరువాయి అని అవ్వ చిప్ప ఎత్తింది.

జెర్బో గొంతు సవరించుకున్నాడు.

“నోబిలా, విన్నావుగా. అలాంటి చేనికి పారలెందుకు? నిచ్చెనలు కావాలి గానీ. రేపు లాముసా చేలో తవ్వుదాం. మా మరదలి చేనికి కోతలప్పుడు నిచ్చెనలతో వద్దాం. అయినా ఆ చేనికి కోతలకి మనుషులెందుకు, ఆవిడ నోరొక్కటి చాలదూ?”

“నిజమే మరి,” అన్నాడు నోబిలా, ఇంకా నవ్వుతూనే. “రేపు లాముసాది.”

 ఇంట్లో ఖాళీ గాదె అడుగు చీపురుతో ఊడ్చిన చప్పుడు అవ్వకి ఆ పొద్దున్నే వినబడింది. ఊడ్చింది తనే. కోత నిలబెట్టుకుంటే చేను పోతుంది, చేను నిలబెట్టుకుంటే కోత పోతుంది. చిప్ప కింద పెట్టింది.

“పోయినేడు రెండు గంపలు పండింది,” అంది మెల్లగా. “అంతే. గుంతలు పూడిపోయాయి.”

పందిరంతా ముందుకంటే పెద్దగా నవ్వింది.

“అబ్బ, ఏం కోసిందిరా!” అన్నాడొకడు తొడ చరుచుకుంటూ. “మబ్బుని పట్టుకున్న చేలో రెండు గంపలట!”

“నిజంరా!” అంది అవ్వ.

“ఇందాకటిదీ నిజమేగా అవ్వా!”

అవ్వ అటూ ఇటూ చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిజం చెబితే కొనేవాడు లేడు. చివరికి ఆవిడ చూపు జెర్బో మీద ఆగింది. సాయం అడిగే చూపు. కానీ వరస వరసే కదా, అతను కాదనాల్సిందే. కాదన్నాడు కూడా.

“అబద్ధం,” అన్నాడు జెర్బో. “రెండు గంపలు కాదు.”

“చూశారా!” అన్నారంతా.

“ఒకటిన్నర. ఇంటికి మోసుకొచ్చింది నేను.”

నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. నోబిలా జెర్బోని చూశాడు, తర్వాత అవ్వ మోకాళ్లని చూశాడు. అందరికంటే ముందు నోరు విప్పింది లాముసా.

“నా చేనికి అన్నదమ్ములున్నారు నోబిలా. అవ్వకి నోరొక్కటే ఉంది. రేపు అక్కడికే పొండి, కల్లుకుండ నేను పంపిస్తాను.”

నోబిలా తలూపాడు. అవ్వ ముక్కు చీదుకుని, చిప్ప ఖాళీ చేసి, జెర్బో వైపు తిరిగింది.

“ఆ మిగతా అరగంప దారిలో నువ్వే బుక్కావు కదరా పాలేరూ!”

మర్నాడు కోడి కూయకముందే అవ్వ చేలో పెంట కుప్ప పక్కన నిలబడింది. పారల వాళ్లు గుట్ట ఎక్కి వస్తున్నారు. అందరికంటే ముందు జెర్బో. ఒక భుజాన పార. రెండో భుజాన నిచ్చెన.