డాక్టరు గారి కోటుకి తట్టు పోసిన సంగతి

ఆ డబ్బా అలా పెట్టెయ్యవే తల్లీ, అదేం లేదులే. రేపు నా పన్ను పీకించడానికి సంచి తర్వాత సర్దుదువు గాని, ముందా సొరుగులో కత్తెర ఇలా ఇవ్వు. ఇదెవరిదో తెలుసా? మీ దర్జీ తాతయ్యది, మా అక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయాడు మహానుభావుడు. ఆయన మిషను పక్కన కూర్చుని నేను కాజాలు కుట్టేవాణ్ణి. ఆయనా నాలాగే గుండె మాత్రల మనిషి. దానికి తోడు వరిబీజం ఒకటి. సోమవారం ఆపరేషన్ పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆ డాక్టరు గారు తెల్లకోటుకి గుడ్డ పంపించారు. ఇంకేముంది, 'నన్ను కోసే ఆయనకి కోటు కోసింది నేనేరా బామ్మర్దీ' అని ఒకటే గొప్ప.

సూదన్నాక గుచ్చుకోదూ? ఎప్పుడూ అయితే వేలు నోట్లో పెట్టుకుంటే రక్తం ఆగిపోయేది. ఆ వారం ఆగదే. కాలరు మీద ఒక చుక్క, జేబు మీద రెండు. అక్క ఉతకలేక, 'ఆ పొడి మొదలెట్టాకే ఇదంతా, డాక్టరు గారికి చెప్పండి' అంది. పొడంటే వెల్లుల్లి, అల్లం, ఇంకా ఏవో ఆకులు. నరాలకి బలమని సంతలో ఎవరో అంటగట్టారు. బలం సంగతి ఆ దేవుడికే తెలియాలి, ఆయన నోరు తెరిస్తే మాత్రం వచ్చిన బేరం గుమ్మంలోంచే వెనక్కి పోయేది. 'ఆకులు మందేంటే? మేకలు రోజంతా తినడం లేదూ?' అన్నాడు. 'మేకల్ని కోసేది బతికించడానికి కాదుగా బావా' అన్నాను. కత్తెర విసిరాడు. ఇదే.

ఆదివారం డాక్టరు గారే కొట్టుకొచ్చి కోటు తొడుక్కుని, అద్దంలో చూసుకుని, 'ఏమయ్యా, నా కోటుకి తట్టు పోసిందేంటి?' అన్నారు. బావ వేళ్లు పట్టుకుని తిప్పి చూశారు. 'నా మాత్రలు కాక ఇంకేం తింటున్నావు?' 'ఏమీ లేదండీ.' అక్క లోపలికెళ్లి పొడి డబ్బా తెచ్చి మిషను మీద టక్కున పెట్టింది. ఆయన మూత తీసి వాసన చూసి, మెల్లగానే అన్నారు. 'రక్తం గడ్డకట్టకుండా నేను మాత్రలిస్తుంటే, పైనుంచి నువ్వు ఇది పోస్తున్నావా? రేపు నిన్ను కోసుంటే ఆపడం నావల్ల అయ్యేది కాదు.' బావ కాలు మిషను తొక్కుడు మీద అలాగే ఉండిపోయింది. ఆ పొడి మాన్పించి, ఆపరేషన్ మూడు వారాలు వాయిదా వేశారు. ఆ తర్వాత పదిహేనేళ్లు నిక్షేపంలా బతికాడు, అక్కని సాధించడానికే అన్నట్టు. దేవుడి దయ.

ఏంటలా చూస్తావు? పన్ను పీకే ఆయనకి చెప్పానా అంటే... దేని గురించి? ఆ డబ్బా గురించా? అది మందు కాదే పిచ్చిదానా, ఉత్త ఆకు...

సరే, సంచిలో వెయ్యి. దిండు కింద ఇంకోటుంది. అది కూడా.