దవాఖానలో అంటిన చీము

2007 వానాకాలం. వనపర్తిలోని ఓ చిన్న ప్రైవేటు దవాఖానలో, కాలు విరిగి చేరిన రైతు కుర్మయ్య భార్యను డాక్టరు తన గదిలోకి పిలిచాడు.

“కూర్చో అమ్మా. మీ ఆయన కాలి చీము హైదరాబాద్‌కు పంపినం గదా, రిపోర్టు వచ్చింది. పన్నెండు మందులు పెట్టి చూసిండ్రు. పదకొండు మందులకు ఆ చీముల పురుగు చస్తలేదు.”

“గట్లెట్ల సారూ? పది దినాల సంది రెండు పూటల సూదులిస్తనే ఉన్నరు గద!”

“ఆ సూది మందు గూడ పదకొండిట్లనే ఉంది.”

“మా పెద్దమందడి మట్టిల పట్టిందా గా పురుగు?”

“కాదమ్మా. ఇన్ని మందులకు తట్టుకునేది ఊర్ల మట్టిది కాదు. ఇది... మా దవాఖానలదే.”

“ఏందీ? బాగుచేయమని తెస్తే మీరే అంటిచ్చిండ్రా?”

“మిగిలిన ఒక్క మందు తెప్పిస్తున్న. దానికీ తగ్గకపోతే, పాణం దక్కాలంటే కాలు తీసెయ్యాలె.”

“కాలా! బండి మీదికెళ్లి పడి ఎముక ఇరిగిందంతే గద సారూ! నెల దినాలల్ల నడిపిస్తమన్నరు గద!”

“నేనే అన్న.”

“ఎట్ల అంటింది మరి?”

“చేతుల నుంచి. ఒకరి పుండు ముట్టి, చేతులు కడుక్కోకుండ ఇంకొకరిని ముడితే...”

“ఆగుండ్రి సారూ. ఇప్పుడే నర్సమ్మ మా ఆయన కట్టు మార్చింది. గవే గ్లౌజులతోని పక్క మంచం ఇబ్రహీం తాత దగ్గరికి పోయింది. నిన్ననే కడుపు ఆపరేషనైంది ఆయనకు!”

డాక్టరు కుర్చీ తోసేసి వార్డులోకి పరుగెత్తాడు. అప్పటికే తాత కుట్ల మీద కొత్త కట్టు వేసి ఉంది.