ఎదుటి బండి ఆగాలన్న శ్రీమతి యూలలీ ఓగిల్వీ గారు

1989 సెప్టెంబరు 18వ తేదీ సోమవారం నాడు న్యూయార్కు భూగర్భ రైళ్ళలో గార్డుగా చేరిన శ్రీమతి యూలలీ ఓగిల్వీ గారు, ఈ నెలాఖరున టైమ్‌టేబుల్ విభాగంలో ఉన్నతాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారు. బార్బడోస్ నుంచి వచ్చి క్వీన్స్‌లో స్థిరపడిన కుటుంబం వారిది.

బండి సరైన చోట ఆగిందని రూఢి చేసుకోవడానికి, ప్లాట్‌ఫారం నడుమ వేలాడే నలుపు తెలుపు చారల పలకను కిటికీలోంచి వేలితో చూపి, ఆ పిమ్మటనే తలుపులు తీయడం మన గార్డుల విధి. ఓగిల్వీ గారు ఈ విధిని ఎంత నిష్ఠగా పాటించారంటే, ఇంట్లో ఫ్రిజ్ తీసే ముందు కూడా వేలు చూపించేవారని వారి భర్త శ్రీ క్లెమెంట్ గారు నేటికీ చెబుతుంటారు. అనంతరం సిగ్నల్ క్యాబిన్‌లో కొంతకాలం పనిచేసి, సాయంకాలపు చదువుతో పట్టా సంపాదించి, టైమ్‌టేబుల్ విభాగానికి వచ్చారు.

వారి పేరు నిలిచేది నది కింది సొరంగాల మార్పిడి వల్లనే. క్వీన్స్ నుంచి మన్‌హాటన్ వెళ్ళే మన ఎక్స్‌ప్రెస్, లోకల్ లైన్లు రెండూ నదికి ఇవతలి కూడలిలో ఒకదాని దారికి ఒకటి అడ్డం వచ్చేవి. ఇరుకు గుమ్మంలో ఇద్దరు లావుపాటి వియ్యంకులు ఎదురుపడ్డట్టు, ఒకటి కదలాలంటే మరొకటి ఆగాలి. అక్కడి ఆలస్యం సాయంత్రానికి సగం ఊరికి పాకేది. ఒకదాని సొరంగంలోకి మరొకదాన్ని మార్చితే, రెండూ ఎదురుపడకుండానే నది దాటుతాయని ఓగిల్వీ గారు ప్రతిపాదించారు.

అయితే లోకల్ లైనులో ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. మార్పిడి జరిగితే అక్కడికి వెళ్ళేవారు మధ్యలో దిగి బండి మారాలి. బహిరంగ విచారణకు వచ్చినవారిలో, ఓగిల్వీ గారి చర్చికే వచ్చే మిస్ హైసింత్ గారు కూడా ఉన్నారు. మూత్రపిండాలు చెడి, రక్తశుద్ధికి వారానికి మూడుసార్లు ఆ ఆసుపత్రికి వెళ్ళే ఆమె మైకు పట్టుకున్నారు.

“ఏమ్మా యూలలీ, ఆదివారం నా పక్కన కూచుని పాటలు పాడతావు, సోమవారం నా బండి లాగేసుకుంటావా?”

“లాగేసుకోవడం కాదు, మిస్ హైసింత్. ఒక్కచోట దిగి, ఎదుటి ప్లాట్‌ఫారం మీద బండెక్కాలి. మెట్లు లేవు.”

“మెట్లు లేకపోతే సరా? నా కాళ్ళు చూశావుగా. నేను ఇవతల దిగేసరికి అవతలి బండి పోతే? ఆలస్యంగా పోతే రక్తశుద్ధి యంత్రం దగ్గర నా కుర్చీ ఇంకొకరికిస్తారు. ఎదుటి బండి ఆగుతుందా, చెప్పు.”

“ఆగుతుంది,” అన్నారు ఓగిల్వీ గారు. అంతవరకు ప్రణాళికలో ఆ మాట లేదు.

మరునాడు విభాగాధిపతి శ్రీ లుండ్‌గ్రెన్ గారు కొంత కటువుగానే అడిగారు: “ఆలస్యం కొయ్యమని జీతమిస్తుంటే, నువ్వు ఆలస్యాన్ని నాటుతున్నావేంటి?”

“మనుషుల్ని వదిలేసి వేళకు పోయే బండి ఎవరికి సార్, ఖాళీ సీట్లకా?”

ఎట్టకేలకు, ఒక బండి సమీపిస్తుండగా ఎదుటి బండిని కాసేపు ఆపి ఉంచే పసుపుపచ్చ దీపాలు ఆ ప్లాట్‌ఫారానికి మంజూరయ్యాయి. ప్రయోగం విఫలమైతే పాత దారికే మళ్ళాలన్న షరతుతో మార్పిడి మొదలైంది.

మొదటి వారమే చిక్కు వచ్చింది. ఆలస్యం కూడదని పదేపదే నూరిపోసిన పాఠాన్ని మన గార్డులు శ్రద్ధగా ఒంటబట్టించుకుని, దీపాలు వెలుగుతున్నా వేళ కాగానే తలుపులు మూసేశారు. మిస్ హైసింత్ గారు మూసుకున్న తలుపు ముందు నిలబడిపోయారు. ఆనాడు కుర్చీ దక్కలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో పడకమీద ఉండవలసి వచ్చింది.

ఓగిల్వీ గారు ఎవరిపైనా చర్య కోరలేదు. తెల్లవారి నుంచి ఆ ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డారు. “మేడమ్, మీ ప్లానే కదా, వేళకు పొమ్మని?” అని ఎదురడిగాడు గార్డు తారిఖ్ మహ్‌మూద్.

“దీపం వెలిగినంతసేపూ ఆ తలుపు నీది కాదు నాయనా, దిగేవాళ్ళది. ఆలస్యమైతే నా పేరు చెప్పు.”

అతడు చెప్పాడు. అందరూ చెప్పారు. నెలరోజులు ప్రతి ఆలస్యమూ వారి పేరనే పైకి వెళ్ళింది. అయినా కూడలిలో బళ్ళు ఒకదాని కోసం ఒకటి కాచుకోవడం పోయినందున, ఇక్కడ ఆగిన కాసేపు అక్కడ మిగిలిన సమయం ముందు లెక్కకు రాలేదు. మార్పిడి శాశ్వతమైంది. మిస్ హైసింత్ గారు కన్నుమూసేదాకా నాలుగేళ్ళపాటు ఆ ప్లాట్‌ఫారం మీదే బండి మారి ఆసుపత్రికి వెళ్ళారు. మరెన్నడూ కుర్చీ పోగొట్టుకోలేదు.

వీడ్కోలు కానుకగా ఏమి కావాలని లుండ్‌గ్రెన్ గారు మొన్న అడిగినప్పుడు, “ఆ దీపాలు పీకెయ్యకండి, చాలు,” అన్నారట. దీపాలు ఉంటాయి. గోడ గడియారం కూడా ఇస్తున్నాము, ఆనవాయితీ కనుక.

శ్రీమతి ఓగిల్వీ గారు, శ్రీ క్లెమెంట్ గారు ఆసుపత్రి గడప తొక్కవలసిన పని లేకుండా, చూపూ నడకా చెడకుండా, నిండు నూరేళ్ళు సుఖంగా ఉండాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటున్నది.